షుగర్ మందులు మార్చాక వణుకు, వికారం, కళ్లు తిరగడం: ఏ మాత్ర వల్ల ఏది?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా అత్తమ్మకు 63 ఏళ్లు, బరువు 54 కిలోలు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఇన్నాళ్లూ ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 పొద్దున వేసుకునేది. బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతోంది. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4 వస్తే టౌన్‌లో డాక్టర్‌కు చూపించాం. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 1000 కలిసిన మాత్ర రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10 పొద్దున రాశారు. మూడో రోజు నుంచి టిఫిన్ తినగానే కడుపులో తిప్పుతోంది, రోజూ మూడు నాలుగు విరేచనాలు. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. మూత్రం పోసే చోట దురదగా ఉందంటే మందుల షాపులో ఫ్లూకొనజోల్ మాత్ర ఇచ్చారు. అది వేసుకున్న మర్నాడు వణుకు ఇంకా ఎక్కువైంది. పరగడుపున షుగర్ చూస్తే 132 ఉంది, అది మంచిదే కదా. శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. కొత్త మందులు మానేసి పాతవే వేయమంటారా?

సమాధానం: అన్నీ ఒక్కసారిగా మానేయకండి. ఇదే మోతాదులో ఇంకో వారం నెట్టుకురావడం కూడా ప్రమాదమే. ఈ ఉత్తరం చదివిన పూటే మందులు రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. ఎలా మాట్లాడాలో, ఈలోపు ఏ మాత్ర ఆపాలో కింద వివరంగా రాస్తున్నాం.

మీరు రాసినవి మూడు వేరువేరు బాధలు. ఒక్కోదాని వెనక ఒక్కో మాత్ర ఉంది. తిన్న వెంటనే వచ్చే వికారం, విరేచనాలు మెట్‌ఫార్మిన్ వల్ల. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగడం డాపాగ్లిఫ్లోజిన్, బీపీ మాత్ర రెండూ కలవడం వల్ల. భోజనానికి ముందు చెమట, వణుకు గ్లిమిపిరైడ్ వల్ల. బాధ ఏ వేళకు వస్తోంది, ఆ క్షణంలో షుగర్ ఎంత, బీపీ ఎంత అనే మూడు సంగతులు కాగితం మీద ఉంటే డాక్టర్ ఫోన్లోనే సగం సరిచేయగలరు. ‘కొత్త మందులు పడలేదు సార్’ అని చెబితే ఆయన అన్నీ మార్చేస్తారు. మీ అత్తమ్మకు నిజంగా మేలు చేసేది కూడా అందులో పోతుంది.

ముందు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, ఆరోగ్య కేంద్రం (సెంటర్)లో ఇచ్చినవీ టౌన్‌లో కొన్నవీ, ఒక పళ్లెంలో పరవండి. ప్రతి షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. పైన పెద్దగా ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాంతో మనకు పనిలేదు. కొత్త మాత్రలోనే గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ ఉన్నాయి కాబట్టి సెంటర్ మాత్రలు ఇక ఒక్కటి కూడా వేయకూడదు. చాలా ఇళ్లలో జరిగేది ఏమిటంటే, పాత మాత్రలు రెండు నెలలకు సరిపడా మిగిలి ఉంటాయి, పారేయడానికి చేతులు రావు, పెద్దవాళ్లు అలవాటు కొద్దీ అవీ ఇవీ కలిపి మింగుతారు. మీ ఇంట్లో అలా జరిగి ఉంటే మెట్‌ఫార్మిన్ రోజుకు 3000, గ్లిమిపిరైడ్ 5 మి.గ్రా. పడుతున్నట్టు. మెట్‌ఫార్మిన్ సాధారణంగా రోజుకు 2000 దాటించరు. అత్తమ్మను గద్దించకుండా మెల్లగా అడగండి. భయపడితే నిజం చెప్పరు. ఇంకో సంగతి, చాలా కంపెనీల్లో పేరు చివర ‘ఎం2’ అని ఉంటే మెట్‌ఫార్మిన్ 500, ‘ఎం2 ఫోర్ట్’ అని ఉంటే 1000. షాపులో ఒకదానికి బదులు ఇంకోటి ఇచ్చారేమో చీటీతో పోల్చి చూడండి.

ఇప్పుడు అన్నిటికంటే తొందరగా పట్టించుకోవాల్సింది, ఆ పన్నెండు గంటల వణుకు.

గ్లిమిపిరైడ్ పాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ తెప్పిస్తుంది. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా దాని పని అది చేస్తూనే ఉంటుంది. ఇంతకుముందు రోజుకు 1 మి.గ్రా. ఇప్పుడు 4, అంటే నాలుగింతలు. ఏడింటికి రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని, ఒంటిగంటన్నరకు గానీ అన్నం తినని మనిషికి పదకొండున్నర నుంచి షుగర్ జారడం మొదలవుతుంది. మధ్యలో మిరప చేను దాకా నడిచి వెళ్లినా, కాసేపు కాయ కోసినా ఇంకా వేగంగా పడిపోతుంది. దాని మీద విరేచనాలు, తిన్నది సరిగ్గా ఒంటబట్టదు. పరగడుపు 132 ఈ సంగతి చెప్పలేదు. అది రాత్రి గడిచాక తెల్లారి ఉన్న లెక్క, పన్నెండు గంటలకు ఎంత ఉందో దానికేం తెలుస్తుంది? వణుకు వచ్చినప్పుడే వేలు గుచ్చి చూడాలి. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, వేలి పక్కభాగంలో గుచ్చండి. బెల్లమో మామిడిపండో ముట్టుకున్న చేత్తో చూస్తే అంకె దొంగగా పెరుగుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉందో లేదో, గడువు దాటిందో లేదో కూడా చూసుకోండి.

70 కంటే తక్కువ ఉంటే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. అంటే 15 గ్రాములు. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక అన్నమో, ఇడ్లీయో, నాలుగు బిస్కెట్లో తప్పకుండా తినిపించండి, లేకపోతే గంటలో మళ్లీ పడిపోతుంది. చాక్లెట్, లడ్డు, పాలు ఈ సమయంలో పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది. మీటర్ దగ్గర లేకపోతే వెతుకుతూ కూర్చోకుండా ముందు చక్కెర నీళ్లు ఇచ్చేయండి. మీటర్‌లో 54 కంటే తక్కువ వచ్చినా, మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా ఇంట్లో తేరుకున్నారు కదా అని వదిలేయవద్దు, ఆస్పత్రికి తీసుకెళ్లండి. గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి ఒకసారి పైకి లేచిన షుగర్ కొన్ని గంటలకు మళ్లీ దిగుతుంది. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు కాదు కదా, తేనె చుక్క కూడా వేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇది చదివే మిగతావాళ్లకూ ఒక మాట. మీ కాంబినేషన్ మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే చక్కెర నీళ్లు త్వరగా పనిచేయవు. ఆ మందు చక్కెరను పేగుల్లో విడగొట్టనివ్వదు. అలాంటి ఇళ్లలో మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడి డబ్బా ఎప్పుడూ ఉంచుకోవాలి. బీపీకో గుండెకో అటెనోలాల్, మెటోప్రోలాల్ వాడేవారికి షుగర్ పడిపోయినా వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, అదే గుర్తు.

వణుకు వచ్చినప్పుడు షుగర్ 120, 140 ఉంటే? అదీ జరుగుతుంది. హెచ్‌బీఏ1సీ 9.4 అంటే సగటున 223 దగ్గర నెలల తరబడి ఉన్న ఒళ్లు. అక్కడి నుంచి గబగబా కిందికి వస్తే మామూలు అంకె దగ్గర కూడా పడిపోయినట్టే అనిపిస్తుంది. అప్పుడు చక్కెర నీళ్లు తాగించకుండా వేళకు అన్నం పెడితే చాలు. కొన్ని వారాల్లో ఒళ్లు సర్దుకుంటుంది. ఈ రెండిటికీ తేడా మీటరే చెప్పాలి, పైకి చూసి ఎవరూ చెప్పలేరు.

మందుల షాపు మాత్ర సంగతి వేరే చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని గ్లూకోజ్‌ను మూత్రంలో బయటికి పంపిస్తుంది. ఆ తీపికి మూత్రద్వారం దగ్గర ఫంగస్ పెరిగి దురద వస్తుంది, ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఫ్లూకొనజోల్ ఫంగస్‌కు సరైన మందే. అయితే లివర్‌లో గ్లిమిపిరైడ్‌ను కరిగించే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది. గ్లిమిపిరైడ్ రక్తంలో పేరుకుని, వేసుకున్న మోతాదు కంటే ఎక్కువ వేసుకున్నట్టు పనిచేస్తుంది. మర్నాడు వణుకు పెరగడానికి కారణం అదే అయి ఉండాలి. ఒక్క మాత్ర వేసుకున్నా దాని ప్రభావం నాలుగైదు రోజులు ఉంటుంది కాబట్టి ఈ రోజుల్లో మరింత జాగ్రత్త. ఇకపై దురదకు క్లోట్రిమజోల్ పైపూత క్రీమ్ సరిపోతుందేమో డాక్టర్‌ను అడగండి. మూత్రం పోసిన ప్రతిసారీ మామూలు నీళ్లతో కడుక్కుని, మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దుకోవాలి. సబ్బు, డెట్టాల్ వద్దు. జ్వరం పోయే మాత్రో దగ్గు మందో కొంటున్నా షాపతనికి ‘గ్లిమిపిరైడ్ వాడుతున్నారు’ అని చెప్పడం అలవాటు చేసుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కూడా షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. ఊళ్లో ఎవరైనా ఇచ్చిన ‘షుగర్ పొడి’ వాడుతుంటే అది కూడా ఆపండి. అలాంటి కొన్ని పొడుల్లో గుట్టుగా ఇంగ్లీషు షుగర్ మందు కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది.

లేవగానే కళ్లు తిరగడం గురించి. డాపాగ్లిఫ్లోజిన్ గ్లూకోజ్‌తో పాటు ఉప్పునూ నీటినీ కూడా బయటికి లాగుతుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ చేసే పనీ అదే. దానికి విరేచనాలు తోడయ్యాయి. కూర్చుని చూస్తే బీపీ బాగానే కనిపిస్తుంది. ఇలా చూడండి: ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి. పక్కన మనిషి ఉండాలి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే లేచినప్పుడు బీపీ పడిపోతోందని అర్థం, ఒంట్లో నీరు చాలకపోవడం దానికి కారణం కావచ్చు. పెద్దవయసులో ఇలా పడితే తుంటి ఎముక విరుగుతుంది, అందుకే దీన్ని చిన్నగా చూడొద్దు. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాకే లేవమనండి.

విరేచనాలు తగ్గేదాకా ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లు కొలిచి పోయాలి, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు. షుగర్ ఉంది కదా అని భయపడనక్కర్లేదు. డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం లీటరులో గ్లూకోజ్ 13.5 గ్రాములే. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పండ్ల రుచుల పానీయాలు మాత్రం వేరు. వాటి మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే వచ్చిన ఆదేశం అది. అడిగి పొడి ప్యాకెట్టే తీసుకోండి.

కడుపు బాధ మూడిట్లో తక్కువ ప్రమాదకరం, సరిచేయడమూ తేలికే. మెట్‌ఫార్మిన్‌ను వారానికి 500 చొప్పున పెంచుకుంటూ పోతే పేగులు అలవాటు పడతాయి. ఒకేరోజున రెట్టింపు చేస్తే చాలామందికి ఇలాగే అవుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే మరీ. టిఫిన్ సగం తిన్నాక గానీ, పూర్తయిన వెంటనే గానీ వేసుకోవాలి. ఇక్కడే కాంబినేషన్ మాత్రతో చిక్కు. గ్లిమిపిరైడ్‌ను తిండికి కాస్త ముందు గానీ తినడం మొదలుపెడుతూ గానీ వేయమంటారు, మెట్‌ఫార్మిన్‌ను తిండితో. రెండూ ఒకే మాత్రలో ఉన్నాయి కాబట్టి పళ్లెం ముందు పెట్టుకుని, మొదటి ముద్ద తిని, మాత్ర మింగి, మిగతాది తినేయమనండి. ‘ఎస్ఆర్’ (మందును నెమ్మదిగా వదిలే రకం) అని ఉన్న మాత్రను విరిచినా నూరినా మందంతా ఒక్కసారే వదులుతుంది, అలా చేయకండి. దాని ఖాళీ పెంకు మలంలో కనిపించినా కంగారు అక్కర్లేదు.

డాక్టర్ ఫోన్‌కు దొరికేదాకా ఇలా చేయండి. డాపాగ్లిఫ్లోజిన్ ఆపండి, వాంతులూ విరేచనాలూ తగ్గి తిండీ నీళ్లూ మామూలయ్యేదాకా. రాత్రి కాంబినేషన్ మాత్ర కూడా వేయకండి. పగలు షుగర్ పడిపోతున్న మనిషికి రాత్రి ఆ మందు వేసి పడుకోబెట్టడం మంచిది కాదు, నిద్రలో పడిపోతే ఎవరికీ తెలియదు. ఒక పూట మాత్ర తప్పితే షుగర్ 200, 250 అవుతుందేమో, దానివల్ల ఆ రాత్రికి ముప్పు రాదు. నిలబడ్డప్పుడు బీపీ పై అంకె 100 లోపు ఉంటే మర్నాటి బీపీ మాత్ర కూడా డాక్టర్‌ను అడిగాకే. ఒక్క పూట కంటే ఎక్కువ ఇలా మీ అంతట మీరు నడపకండి. ఆయన దొరక్కపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్‌కైనా షీట్లన్నీ తీసుకెళ్లి చూపించండి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ మాట వర్తించదు. వాళ్లు తినలేకపోయినా ఇన్సులిన్ తమంతట తాము పూర్తిగా ఆపకూడదు.

ఒక ప్రమాదం మాత్రం తప్పక తెలిసి ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్, అదే రకానికి చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారిలో అరుదుగా రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుంటాయి. అప్పుడు షుగర్ 180, 200 మాత్రమే ఉండొచ్చు, అందుకే ఆస్పత్రిలో కూడా గుర్తించకుండా వదిలేసే ప్రమాదం ఉంది. ఆగని వాంతులు, కడుపునొప్పి, ఆయాసపడుతూ వేగంగా ఊపిరి తీయడం, లేవలేనంత నీరసం, ఇవి కనిపిస్తే అర్ధరాత్రయినా వెళ్లండి. వెళ్లగానే ‘డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు, రక్తంలో కీటోన్లు చూడండి’ అని అడగండి. అన్నం పూర్తిగా మానేసే డైట్లు, కఠిన ఉపవాసం, మద్యం దీన్ని తెచ్చిపెడతాయి. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ ఏదైనా ఉంటే ఈ మందు వాడుతున్నట్టు చెప్పాలి, మూడు రోజుల ముందే ఆపిస్తారు. మూత్రద్వారం చుట్టూ వాపు, ఎర్రదనం, తీవ్రమైన నొప్పి, జ్వరం కలిసి వచ్చినా ఆలస్యం చేయకండి.

డాపాగ్లిఫ్లోజిన్ వాడినంత కాలం మూత్ర పరీక్షలో చక్కెర మూడు నాలుగు ప్లస్‌లు రావచ్చు. అది మందు పనిచేస్తోందన్న గుర్తే, ల్యాబ్‌లో ఎవరైనా బెదిరిస్తే భయపడకండి.

డాక్టర్‌కు ఇలా చెప్పండి: ‘సార్, 63 ఏళ్లు, 54 కిలోలు. ఫలానా తేదీన గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 1000 రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10 రాశారు. పన్నెండింటికి వణుకు వచ్చినప్పుడు షుగర్ ఇంత. పడుకున్నప్పుడు బీపీ ఇంత, నిలబడితే ఇంత. రోజుకు నాలుగు విరేచనాలు. ఫలానా రోజు ఫ్లూకొనజోల్ వేశాం. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది.’ క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే లెక్క), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించమని అడగండి. ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ తగ్గించాలి, 30 కంటే తగ్గితే ఆపాలి. కిడ్నీ మందగించిన వారిలో గ్లిమిపిరైడ్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. పదకొండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి బి12 కూడా చూడాలి. కాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లే అనుకుంటూ బి12 లోపాన్ని ఏళ్ల తరబడి వదిలేసేవాళ్లు చాలామంది.

మా అభిప్రాయం అడిగితే, ఈ వయసులో, ఈ బరువుకు మూడు మార్పులు ఒకేరోజు చేయడం ఎక్కువే. మార్పు అవసరమే, వేగం తగ్గాలి. పాత మందులకే తిరిగి వెళ్తే 9.4 కూడా తిరిగి వస్తుంది. డాక్టర్ బహుశా గ్లిమిపిరైడ్‌ను పొద్దున 1కి తగ్గించవచ్చు, లేదా దాని బదులు తనంతట తాను షుగర్‌ను పడగొట్టని గ్లిప్టిన్ మాత్ర ఇవ్వవచ్చు. మెట్‌ఫార్మిన్‌ను ఎస్ఆర్ రూపంలో 500 నుంచి మెల్లగా పెంచవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్‌ను, విరేచనాలు తగ్గాక, హైడ్రోక్లోరోథయాజైడ్ లేని బీపీ మాత్రతో కలిపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. గుండెకూ కిడ్నీకీ మేలు చేసే మందు అది. దురద పేరు చెప్పి శాశ్వతంగా మానిపించకండి.

మోతాదు మార్చాక పది రోజుల పాటు పరగడుపున, పదకొండున్నరకు, రాత్రి పడుకునే ముందు చూసి రాయండి. ఒకటి రెండు రాత్రులు మూడింటికి కూడా. స్ట్రిప్పులు ఖరీదైనవే, ఈ పది రోజులకు మాత్రం వెనకాడకండి. చూపు మసకబారిందంటే అద్దాలు మార్పించడానికి తొందరపడకండి. షుగర్ వేగంగా తగ్గేటప్పుడు కంటి లెన్స్‌లో నీటి మట్టం మారి అలా అవుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించండి. ఒక్క కంటికే ఒక్కసారిగా తెర కమ్మినట్టయితే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు ముందు చేయిస్తే అసలు లెక్క తెలియదు.

ఇక శనివారం ఒక్కపొద్దు. మోతాదు కుదురుకునే దాకా ఆపమని మా మాట. ఆమె ఒప్పుకోకపోతే పూర్తి ఖాళీ కడుపుతో ఉంచకండి. పొద్దున పాలూ పండూ, సాయంత్రం ఉప్మానో చపాతీనో తినేలా చూడండి. సరైన తిండి తినని పూట గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేయకూడదు. ఆ రోజు నీళ్లు మామూలుగా తాగాలి. డాపాగ్లిఫ్లోజిన్ వేయాలా వద్దా అన్నది శుక్రవారమే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.